ఫైట్ చూసి డైరెక్టర్ ఎవరో చెప్పడం ఎలా

పావురాలు ఎగిరితే జాన్ వూ, కార్లు గాల్లోకి లేస్తే మైకేల్ బే, కెమెరా ఊగిపోతుంటే పాల్ గ్రీన్‌గ్రాస్. యాక్షన్ డైరెక్టర్ల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నేనూ చాలా ఏళ్లు ఆగిపోయినవాణ్ణే. ఎవడైనా రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టుకుని స్లో మోషన్‌లో దూకాడంటే చాలు, "ఇది వూ సినిమా" అనేసేవాణ్ణి, తీరా చివర్లో పేర్లు పడేసరికి ఇంకెవరో ఉండేవారు. పావురాల్ని ఎవరైనా తెచ్చుకోవచ్చు కదా. వాటిని తీసేశాక కూడా ఆ సీన్‌లో ఆ డైరెక్టర్ కనిపిస్తున్నాడా లేదా అన్నది చూడాలి. అలా చూడ్డానికి నేను వాడే పద్ధతి ఇది. సినిమా చదువు ఏమీ అక్కర్లేదు, ఒక కాగితం, పెన్ను, చేతిలో రిమోట్ ఉంటే చాలు. ఓపిక మాత్రం కావాలి, ఎందుకంటే మూడు నాలుగు నిమిషాల సీన్‌నే నాలుగైదు సార్లు తిప్పితిప్పి చూడాల్సి వస్తుంది.

సీన్ ఎంచుకునేటప్పుడు ఇంతకుముందు చూసేసిన సినిమా తీసుకోండి. కొత్త సినిమా అయితే కథ మిమ్మల్ని లాక్కుపోతుంది, లెక్క తప్పుతుంది. ఇంకోటి, ఫోన్‌లో తిరిగే ముక్కల్ని నమ్మకండి, వాటిలో చాలావరకు ఫ్రేమ్ పక్కలు కోసేసి, పాట మార్చేసి, వేగం కూడా పెంచేసి ఉంటాయి. అసలు సినిమానే పెట్టుకుని ఆ చోటుకి వెళ్లండి.

సౌండ్ తీసేసి కట్‌లు లెక్కపెట్టండి

సౌండ్ పూర్తిగా తీసేసి, ఒక్క నిమిషం పాటు షాట్ మారిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టండి. గ్రీన్‌గ్రాస్ తీసిన "ది బోర్న్ అల్టిమేటమ్" (2007) లాంటి సినిమాలో ఫైట్ దగ్గర మీ చెయ్యి నొప్పెడుతుంది, సగటున షాట్ రెండు సెకన్లు కూడా నిలవదు. జాకీ చాన్ హాంకాంగ్‌లో తనే డైరెక్ట్ చేసుకున్న సినిమాల్లో ఒక్కో షాట్‌లో నాలుగైదు దెబ్బలు పడి ఎవడో ఒకడు బల్ల మీంచి దొర్లాక గానీ కట్ రాదు. ఈ తేడా కంటికి తెలుస్తూనే ఉంటుంది గానీ, అంకెగా చూస్తే దాని బరువు అర్థమవుతుంది.

అయితే అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే బోల్తా పడతారు. జార్జ్ మిల్లర్ "మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్" (2015) రెండు గంటల సినిమా, అందులో దాదాపు 2,700 షాట్లు ఉన్నాయి. నిమిషానికి 22 పైనే. అంత వేగంగా కోసిన సినిమాలో మనం దారి తప్పాలి, కానీ ఏ బండి ముందుంది, ఎవడు ఎవడి మీదికి దూకుతున్నాడు అన్నది ఒక్కసారి కూడా అనుమానం రాదు. కారణం తెలిశాక నాకు నవ్వొచ్చింది, అంత సింపుల్. మిల్లర్, కెమెరామన్ జాన్ సీల్ కలిసి ప్రతి షాట్‌లో చూడాల్సిన వస్తువుని ఫ్రేమ్ నడిమధ్యలో పెట్టారు. షాట్ మారినా మన కన్ను కదలక్కర్లేదు, వెతుక్కోవడానికి సమయం పట్టదు, అందుకే అంత చిన్న ముక్క కూడా సరిపోతుంది. దాదాపు 480 గంటల ఫుటేజీని కూర్చి ఎడిట్ చేసిన మార్గరెట్ సిక్సెల్ అంతకుముందు యాక్షన్ సినిమా చేసినావిడ కాదు, ఆస్కార్ ఆవిడకే వచ్చింది. మిల్లర్ సినిమాల్లోకి రాకముందు డాక్టరు, ఎమర్జెన్సీలో పనిచేసినవాడు. బండి గుద్దుకుంటే మనిషి ఒంటికి ఏమవుతుందో తెలిసిన మనిషి తీసిన ఛేజ్‌లని తెలుసుకుని చూస్తే, 1979లో వచ్చిన మొదటి "మ్యాడ్ మ్యాక్స్" ఇంకోలా కనిపిస్తుంది.

కాబట్టి కట్‌ల లెక్క పక్కనే ఇంకో గీత గీయండి: షాట్ మారినప్పుడల్లా మీ కన్ను ఎటు పరిగెత్తాల్సి వచ్చింది. ఎడమ నుంచి కుడికి, మళ్లీ పైకి, మళ్లీ మూలకి పరిగెత్తుతుంటే ఆ డైరెక్టర్ కావాలని మిమ్మల్ని తికమక పెడుతున్నాడు, లేదంటే ఆయనకే పట్టింపు లేదు. రెండింటిలో ఏదో తేల్చుకోవాలంటే తర్వాతి పని చేయాలి.

మ్యాప్ గీయండి

సీన్ అయిపోగానే ఆపేసి, కాగితం మీద ఆ చోటుని గీయండి. తలుపు ఎటుంది, మెట్లు ఎటు, హీరో ఎక్కడ, విలన్ ఎక్కడ, తుపాకీ ఎక్కడ పడిపోయింది. గీయగలిగితే ఒక రకం డైరెక్టర్, గీయలేకపోతే ఇంకో రకం. నా మటుకు ఈ పద్ధతి మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

జపాన్ డైరెక్టర్ కురొసావా "సెవెన్ సమురాయ్" (1954)లో అయితే మీకు ఆ శ్రమ కూడా లేదు, సినిమానే మ్యాప్ చేతికిస్తుంది. దొంగల నుంచి కాపాడాల్సిన ఊరి చుట్టూ ఎక్కడ అడ్డుకట్ట వేయాలో, ఎక్కడ నీళ్లు నింపాలో, ఎక్కడ కావాలని దారి వదలాలో పెద్ద సమురాయ్ ముందే తిరిగి చూసుకుంటాడు, దొంగలెంతమందో సున్నాలు చుట్టి పెట్టుకుని, ఒక్కొక్కడు చచ్చినప్పుడల్లా ఒక సున్నా కొట్టేస్తుంటాడు. అందుకే చివరి వానలో, బురదలో, గుర్రాల మధ్య ఆ గందరగోళం జరుగుతున్నా మనకి లెక్క తెలుసు: ఇంకా ఎంతమంది మిగిలారు, ఎటు నుంచి వస్తారు.

జాన్ మెక్‌టియర్నన్ "డై హార్డ్" (1988) ఇదే పని ఒక్క బిల్డింగ్‌లో చేస్తుంది. ఇంకా కట్టడం పూర్తవని అంతస్తులో గోడకి ఒక అమ్మాయి పోస్టర్ అంటించి ఉంటుంది, హీరో అటుగా వెళ్లినప్పుడల్లా అది కనిపిస్తుంది. ఊరికే పెట్టిన తమాషా అనుకుంటాం గానీ, "మనం మళ్లీ అదే చోటికి వచ్చాం" అని చెప్పే గుర్తు అది. ఇలాంటి గుర్తులు ఎవరు పెడుతున్నారో గమనించడం మొదలుపెడితే, పెట్టనివాళ్లెవరో దానంతట అదే తేలిపోతుంది.

జేమ్స్ కామెరూన్ దగ్గర మ్యాప్ భయపెట్టడానికి పనికొస్తుంది. "ఏలియన్స్" (1986)లో సైనికుల చేతిలో ఒక చిన్న పరికరం ఉంటుంది, దగ్గరికొస్తున్నవాటి దూరం మీటర్లలో చూపిస్తుంది. అంకె తగ్గుతూ పోతుంది, తగ్గుతూ పోతుంది, చివరికి వాళ్లున్న గది కొలత కంటే కూడా తగ్గిపోతుంది, గదిలో మాత్రం ఏమీ లేదు. అప్పుడు పైకప్పు గుర్తొస్తుంది. ఒక్క తుపాకీ పేలకుండా, వట్టి అంకెతో అంత టెన్షన్! కామెరూన్‌ని పట్టుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది: చివరి ఫైట్‌లో వాడే యంత్రాన్ని ఆయన ముందెప్పుడో మామూలు పనిలో చూపించేస్తాడు. ఆ సినిమాలోనే సామాన్లు ఎత్తే లోడర్‌ని హీరోయిన్ రిప్లీ మొదట్లో నడిపి చూపిస్తుంది, క్లైమాక్స్‌లో దాన్నే వేసుకుని వస్తుంది.

ఇక గ్రీన్‌గ్రాస్. ఆయన సినిమాల్లో మ్యాప్ గీయలేం అని అందరూ అంటారు, నేనూ అన్నాను. గదిలో జరిగే ఫైట్‌ల వరకు నిజమే. కానీ అదే "అల్టిమేటమ్"లో లండన్ వాటర్లూ స్టేషన్ సీన్ తీసుకుని గీసి చూడండి. హీరో ఫోన్‌లో ఒక జర్నలిస్టుకి "ఇటు తిరుగు, అక్కడ ఆగు, వంగు" అని దారి చెబుతుంటాడు, కెమెరా ఊగుతూనే ఉంటుంది, అయినా ఎవరు ఎక్కడున్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే మనకి దారి చూపేది కెమెరా కన్నా ఎక్కువగా ఆ మాటలే. డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు కాబట్టి ఆయనకి ఊపు ఒక అలవాటు, కానీ ఆ ఊపు కింద సీన్ గట్టిగా కట్టి ఉంటుంది. ఆయన తర్వాత వచ్చిన చాలామంది ఊపు తీసుకున్నారు, కట్టుబడి వదిలేశారు. యాక్షన్ సినిమాలకి ఆ తర్వాతి పదేళ్లలో తలనొప్పి పట్టుకుంది అక్కడే అని నా అభిప్రాయం.

మైకేల్ బే ఈ పరీక్షలో తప్పుతాడు, అది దాచక్కర్లేదు. ఒకడు కుడివైపు కాలుస్తాడు, తర్వాత షాట్‌లో వాడే ఎడమవైపు ఉంటాడు. అయితే ఆయన ఫ్రేమ్‌ని ఎక్కడ ఆపినా పోస్టర్‌లా ఉంటుంది. ప్రకటనలు, మ్యూజిక్ వీడియోలు తీసి వచ్చినవాడు కదా. సూర్యాస్తమయం వెలుతురు, ముందొకటి వెనకొకటి కదిలే వస్తువులు, హీరో లేస్తుంటే కింద నుంచి చుట్టూ తిరిగే కెమెరా ("బ్యాడ్ బాయ్స్" సినిమాల్లో చూడండి). ఆయన దృష్టిలో సీన్ అంటే చోటు కాదు, జోరు. అది మీకు నచ్చకపోవచ్చు, కానీ చేతకాక చేసిన పని మాత్రం కాదు.

దెబ్బ తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపండి

మూడోసారి చూసేటప్పుడు ఒకే ఒక్క దెబ్బ ఎంచుకోండి. పిడికిలి బయల్దేరిన చోటు నుంచి ముఖానికి తగిలి మనిషి పడేదాకా ఎన్ని షాట్లు? కొట్టేవాడు, తినేవాడు ఒకే ఫ్రేమ్‌లో ఉన్నారా? ఉంటే నటుడు నిజంగా ఆ పని చేస్తున్నాడు. లేకపోతే ఎడిటర్ చేస్తున్నాడు.

జాకీ చాన్ ఈ విషయంలో ఎంత పట్టుదల మనిషంటే, దెబ్బ బలంగా కనిపించాలని కట్ దగ్గర రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరిపి అదే దెబ్బని ఇంకొంచెం చూపిస్తాడు, మనకి తెలీదు గానీ కన్నుకి తెలుస్తుంది. "పోలీస్ స్టోరీ" (1985)లో షాపింగ్ మాల్ లోపల బల్బులు చుట్టిన స్తంభం మీంచి జారే స్టంట్‌ని వేర్వేరు కోణాల నుంచి మళ్లీ మళ్లీ చూపించాడు. కథ ఆగిపోతుంది కదా అంటే, ఆగిపోతుంది. "నేను నిజంగా దూకాను చూడండి" అనడమే ఆయన స్టైల్, దానికి కథని ఒక్క క్షణం ఆపడానికి ఆయనకి మొహమాటం లేదు. చివర్లో తప్పిపోయిన షాట్లు, తగిలిన గాయాలు చూపించడం కూడా అందులో భాగమే.

చాడ్ స్టహెల్స్కీ "ది మ్యాట్రిక్స్" (1999)లో కీయాను రీవ్స్‌కి డూప్‌గా చేశాడు. డూప్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది, కట్ ఎక్కడ దాస్తారో! అందుకే కాబోలు "జాన్ విక్" (2014)లో దాచడం మానేసి కెమెరాని వెనక్కి జరిపాడు, హీరోకి నెలల తరబడి ట్రైనింగ్ ఇప్పించి పొడుగు షాట్లు తీశాడు. ఇందులో గుళ్లు అయిపోతాయి, హీరో మళ్లీ నింపుకోవాలి, ఆ ఖాళీలో ఇంకొకణ్ణి చేత్తో ఆపాలి. చూస్తూ గుళ్లు లెక్కపెట్టండి, సరదాగా ఉంటుంది.

గారెత్ ఎవాన్స్ వేల్స్ దేశస్తుడు, ఇండోనేసియా వెళ్లి అక్కడి సిలాట్ అనే యుద్ధవిద్యతో "ది రెయిడ్" (2011) తీశాడు. ఆయన దగ్గర కెమెరా కూడా ఫైట్ చేసేవాడితో పాటే ఒరుగుతుంది, దొర్లుతుంది. స్టహెల్స్కీ పక్కన నిలబడి చూపిస్తాడు, ఎవాన్స్ మనల్ని కూడా ఆ ఇరుకు కారిడార్‌లోకి తోసేస్తాడు. రెండింటిలోనూ దెబ్బ స్పష్టంగా కనిపిస్తుంది, కానీ ఒకటి చూశాక ముచ్చటేస్తుంది, ఇంకోటి చూశాక ఒళ్లు నొప్పులొస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ స్టెప్‌లో మనం చూస్తున్నదంతా డైరెక్టర్‌దే అనుకోవద్దు, ఫైట్ మాస్టర్ ఎవరో చూడాలి, సెకండ్ యూనిట్ (డైరెక్టర్ లేకుండా విడిగా షూట్ చేసే రెండో బృందం) ఎవరు నడిపారో కూడా చూడాలి. "కెప్టెన్ అమెరికా: సివిల్ వార్" (2016)కి సెకండ్ యూనిట్ డైరెక్ట్ చేసింది ఈ స్టహెల్స్కీ, ఆయన స్నేహితుడు డేవిడ్ లీచ్. మరి డైరెక్టర్ వాటా ఎంతో విడదీయడం ఎలా అంటే, ఒకే మాస్టర్ వేర్వేరు డైరెక్టర్లకి చేసిన సినిమాలు పక్కపక్కన పెట్టుకోవాలి. యుయెన్ వూ పింగ్ దీనికి బాగా కుదురుతాడు. "ది మ్యాట్రిక్స్" (1999), "క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్" (2000), "కిల్ బిల్" (2003) మూడూ ఆయనే కంపోజ్ చేశాడు, మూడింటిలోనూ మనుషులు తీగల మీద ఎగురుతారు. "మ్యాట్రిక్స్" తీసిన వాచోస్కీల దగ్గర ఎగరడమంటే రూల్ బ్రేక్ చేయడం, ఇది నిజం కాదని హీరోకి తెలిసిపోవడం. "క్రౌచింగ్ టైగర్"లో ఆంగ్ లీ వెదురు చెట్ల మీద ఇద్దరిని ఊగించినప్పుడు అది గురువు శిష్యురాల మధ్య సంభాషణలా ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలకపోయినా పర్లేదనిపిస్తుంది. "కిల్ బిల్" తీసిన టరంటినో దగ్గర రక్తం చిమ్ముతుంది, మనకి నవ్వొస్తుంది. స్టెప్పులు ఒకరివే, ఈ మిగతా తేడా అంతా డైరెక్టర్లది.

స్లో మోషన్ వస్తే

దేన్ని స్లో చేశారో చూడండి, అంతే. పెకిన్‌పా "ది వైల్డ్ బంచ్" (1969)లో వేర్వేరు వేగాలతో తిరిగే కెమెరాలు చాలా పెట్టి, చావుని మాత్రం సాగదీశాడు: ఒకడు నెమ్మదిగా పడుతుంటాడు, మధ్యలో మామూలు వేగంతో నాలుగు కాల్పులు, మళ్లీ వాడు ఇంకా పడుతూనే ఉంటాడు. ఆయన కంటే ముందే కురొసావా "సెవెన్ సమురాయ్" మొదట్లో, గుడిసెలోంచి బయటికొచ్చి పడిపోయే దొంగ దగ్గర ఆ పని చేశాడు. జాక్ స్నైడర్ "300"లో ఒకే షాట్‌ని నెమ్మదించి, వేగం పెంచి, మళ్లీ నెమ్మదిస్తాడు, కథ కంటే ఆ భంగిమ ఆయనకి ముఖ్యం.

జాన్ వూ స్లో మోషన్‌ని మనుషుల చూపుల కోసం వాడతాడు. పోలీసు, నేరస్తుడు, ఒకరి తల మీద ఒకరు తుపాకీ పెట్టుకుని, ఒకరిలో ఒకరు తమనే చూసుకుంటారు. మొదట్లో అడిగానే, పావురాలు తీసేస్తే ఏం మిగులుతుందని. "హార్డ్ బాయిల్డ్" (1992)లో ఆసుపత్రి సీన్ చూడండి, రెండున్నర నిమిషాలు దాటిన ఒకే షాట్, ఒక్క పావురం లేదు. ఇద్దరు పోలీసులు ఎదురొచ్చిన దుండగుల్ని కాల్చుకుంటూ ఒక అంతస్తు దాటి లిఫ్ట్ ఎక్కుతారు, అందాకా జరిగిన కాల్పుల్లో వాళ్లలో ఒకడు పొరపాటున తోటి పోలీసునే కాల్చేశాడు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక కెమెరా ఆ మొహం మీదే ఉంటుంది, ఇంకొకడు వాణ్ణి సముదాయించాలని చూస్తాడు. తలుపులు తెరుచుకుంటే ఇంకో అంతస్తు, మళ్లీ కాల్పులు. నిజానికి అది అదే సెట్, వాళ్లు లిఫ్ట్‌లో ఉన్న ఆ కొద్ది సెకన్లలో బయట మనుషులు పరుగులు పెట్టి మార్చేశారు. టెక్నిక్ గొప్పదే, కానీ అంత కష్టపడి తీసిన షాట్ నడిబొడ్డున ఒక మనిషి పశ్చాత్తాపానికి చోటు పెట్టాడు చూడండి, వూ అక్కడున్నాడు.

ఇప్పుడు బొమ్మ వదిలేసి వినండి

టీవీకి వీపు పెట్టి కూర్చోండి. మైకేల్ మాన్ "హీట్" (1995)లో బ్యాంకు దోపిడీ నడుస్తున్నంతసేపు సంగీతం ఉంటుంది, మొదటి తూటా పేలగానే ఆగిపోతుంది. తర్వాత వినిపించేవి తుపాకులు మాత్రమే, అవి కూడా షూటింగ్ రోజు ఆ వీధిలోనే రికార్డ్ చేసిన శబ్దాలు, పొడుగాటి బిల్డింగుల మధ్య తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో సహా. మామూలుగా ఇలాంటివి తర్వాత స్టూడియోలో కలుపుతారు. ఒకసారి ఇది విన్నాక మిగతా సినిమాల్లో తుపాకులు టపాకాయల్లా అనిపిస్తాయి, ముందే చెబుతున్నాను.

కాథరిన్ బిగెలో "ది హర్ట్ లాకర్"లో ఎడారి సీన్ వింటే ఇంకో రకం. చాలాసేపు ఏమీ వినపడదు. గాలి, ఊపిరి, ఒకరిద్దరి మాటలు. దూరంగా ఉన్న శత్రువు కదులుతాడా లేదా అని ఎదురుచూడటం, ఎండలో నోరెండిపోతుంటే తోటివాడికి జ్యూస్ తాగించడం. యాక్షన్ అంటే కదలిక అనుకునేవాళ్లకి ఈ సీన్ చూపించాలి. డైరెక్షన్‌కి ఆస్కార్ అందుకున్న మొదటి మహిళ ఆవిడ, ఈ సినిమాకే.

20 నిమిషాలు వెనక్కి వెళ్లండి

పై పరీక్షలన్నీ పెట్టినా కొందరు దొరకరు. రాజమౌళి అలాంటివాడు. ఆయన ఫైట్‌ని ఒక్కదాన్నే కోసి చూస్తే కట్‌లు మామూలే, స్లో మోషన్ ఎక్కువే, కొన్నిచోట్ల ఫిజిక్స్ ఊసే ఉండదు. ఫైట్ మొదలవక ముందు 20 నిమిషాలు చూడండి. "ఈగ" (2012)లో హీరో చేతికి కత్తి ఇవ్వలేరు, చేతులే సరిగ్గా లేవు. అందుకని ముందు ఆ చిన్న ఒంటికి ఏమేం చేతకాదో వరసగా చూపించి, తర్వాత చేతనయ్యేవి వెతుకుతాడు: విలన్‌ని నిద్రపోనివ్వకపోవడం, కారు నడుపుతుంటే సతాయించడం. చివరికి సూది పట్టుకున్నప్పుడు మనకది నిజంగా ఆయుధంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సూది దాకా రావడానికి పడ్డ పాట్లు మనం చూశాం. "ఆర్ఆర్ఆర్" (2022)లో ఒకడికి నిప్పు, ఒకడికి నీరు అని మొదట్లోనే పంచేశాడు, ఇంటర్వెల్ దగ్గర ఇద్దరూ ఎదురుపడితే మంటకి నీళ్లకి మధ్య గొడవలా ఉంటుంది, పైగా ఇద్దరిలో ఎవరు ఓడిపోయినా మనకి బాధే. ఆయన్ని కాపీ కొట్టేవాళ్లు ఎలివేషన్ షాట్లు తీసుకుంటారు. ఆ 20 నిమిషాల పని ఎవరూ తీసుకోరు.

ప్రాక్టీస్‌కి నేనైతే జానీ టో "ది మిషన్" (1999)లో షాపింగ్ మాల్ కాల్పులతో మొదలుపెట్టమంటాను. అయిదుగురు బాడీగార్డులు, మూసేసిన మాల్, నిశ్శబ్దం. ఎవరూ పరిగెత్తరు, దూకరు, అరవరు. ఒక్కొక్కడు ఒక్కో స్తంభం దగ్గర విగ్రహంలా నిలబడి, తన వంతు వచ్చినప్పుడు మాత్రం కాలుస్తాడు. కట్‌లు లెక్కపెట్టండి, మ్యాప్ గీయండి, తర్వాత అదే కాగితం వెనకవైపు ఏ మైకేల్ బే సినిమాలోంచైనా మూడు నిమిషాలకి మ్యాప్ గీయడానికి ప్రయత్నించండి.